మిడ్‌సైజ్ (250 నుంచి 400 సీసీ) స్పోర్ట్స్ బైకులను హైదరాబాద్‌లో ఇప్పుడు ఎందుకు ఎవరూ అడగడం లేదు?

నిజాంపేట_ట్విన్
2014లో కొన్న నా కవాసకి నింజా 300ను అమ్మకానికి పెట్టి నేటికి ఇరవై ఆరు రోజులైంది. బండి 43 వేల కిలోమీటర్లు తిరిగింది, మొదటి నుంచీ నేనే యజమానిని, రిజిస్ట్రేషన్ 2029 దాకా ఉంది, ఇంజిన్‌ను ఇంతవరకు విప్పలేదు. ట్యాంకుకు రెండు పక్కలా మోకాళ్లు ఆనే చోట రంగు కాస్త పలచబడింది తప్ప ఒంటిమీద గీత లేదు. ఇన్ని రోజుల్లో తొమ్మిది ఫోన్లు వచ్చాయి. అందులో ఆరుగురి మొదటి ప్రశ్న వెనక సీటు గురించే. ఇద్దరు తమ దగ్గరున్న 350 సీసీ బండికి మార్పిడి చేసుకుంటారా అని అడిగారు. స్వయంగా వచ్చి చూసింది ఒక్కరే. ఆయన బండి ఎక్కి, హ్యాండిల్ మీదికి వంగి, కాలనీ చివరిదాకా వెళ్లి తిరిగొచ్చి, "బండి బాగుంది కానీ నేను రోజూ దీని మీద వెళ్లలేను" అని తాళం చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

నేను ఈ బండి కొన్న రోజుల్లో కూడలిలో ఆగితే పక్కవాళ్లు పలకరించి ఎంత పడింది, ఎంత లాగుతుంది అని అడిగేవారు. పదేళ్లలో ఇంత మార్పు ఎలా వచ్చింది? ఈ తరహా బైకుల కాలమే అయిపోయిందా, లేక నేను అడిగే ధరలో తప్పుందా? ధర మార్కెట్‌కు తగ్గట్టే పెట్టానని నా నమ్మకం.

మియాపూర్_పార్కింగ్
ధరలో తప్పు ఉండకపోవచ్చు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌నే చూడండి. నేను చేరిన కొత్తలో అక్కడ సీబీఆర్ 250ఆర్‌లు రెండు, కరిజ్మా జెడ్‌ఎంఆర్ ఒకటి, పల్సర్ 220 ఎఫ్‌లు లెక్కకు మించి ఉండేవి. ఇప్పుడు అవే చోట్లలో నిటారుగా కూర్చుని నడిపే రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్, హంటర్, హిమాలయన్ నిలబడి ఉన్నాయి. మనుషులు చాలామంది పాతవాళ్లే, బండ్లే మారాయి.

రాణిగంజ్_స్పానర్
పదిహేడేళ్లుగా బండ్లు విప్పి బిగిస్తున్నాను కాబట్టి ఇంజిన్ వైపు నుంచి చెబుతాను. నింజా 300 టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 26.1 న్యూటన్ మీటర్లు, కానీ అది అందేది 10,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. ఇప్పటి క్లాసిక్ 350 టార్క్ 27 న్యూటన్ మీటర్లు, అది 4,000 దగ్గరే అందుతుంది. అంకెలు చూస్తే రెండూ ఇంచుమించు సమానమే. కానీ జేఎన్‌టీయూ దగ్గర ఎక్కి హైటెక్ సిటీ దాకా ముప్పై కిలోమీటర్ల వేగం దాటకుండా, ప్రతి వంద గజాలకూ ఆగుతూ వెళ్లే మనిషికి ఆ రెండో ఇంజిన్ బలమంతా చేతికి అందుబాటులో ఉంటుంది, మొదటి ఇంజిన్ బలం ఒక్కసారి కూడా బయటికి రాదు. నింజా బలం మొత్తం చూడాలంటే 39 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) వచ్చే 11,000 దాకా లాగాలి. ఊళ్లో రెండో గేరులో అంత దూరం లాగితే ఎదురుగా బస్సు వెనక భాగం వచ్చేస్తుంది.

కొనేవాళ్లకు ఈ లెక్కలు తెలియకపోవచ్చు. కానీ టెస్ట్ రైడ్‌లో పది నిమిషాలు తిరిగితే చేతికీ నడుముకూ తెలిసిపోతుంది. నిజాంపేట అన్న బండి చూడవచ్చిన ఆయనకు తెలిసింది కూడా అదే.

ఎల్బీనగర్_విద్యార్థి
స్పానర్ అన్న చెప్పింది ఒప్పుకుంటాను గానీ, స్పోర్ట్స్ బైకుల మోజే తగ్గిందంటే మాత్రం ఒప్పుకోను. మా కాలేజీ గేటు దగ్గర నిలబడి చూడండి, చిన్న స్పోర్ట్స్ బైకులైన యమహా ఆర్15లు వరుసగా కనిపిస్తాయి. దానికీ బలమంతా 10,000 ఆర్‌పీఎం దగ్గరే ఉంది, దానికీ వెనక సీటు ఎత్తుగా ఇరుగ్గానే ఉంది. అయినా కొంటున్నారు. కాబట్టి తగ్గింది స్పోర్ట్స్ బైకు మీద ఇష్టం కాదు, 250 నుంచి 400 దాకా ఉన్న ఆ మధ్య మెట్టు ఎక్కాలన్న ఆలోచన. ఆర్15 తర్వాత ఏమిటని మా సీనియర్లను అడిగితే కేటీఎం డ్యూక్ అంటున్నారు, హిమాలయన్ అంటున్నారు, ఉద్యోగం వస్తే కారు అంటున్నారు. స్పోర్ట్స్ తరహా కేటీఎం ఆర్‌సీ అనో, టీవీఎస్ ఆర్‌ఆర్ 310 అనో చెప్పేవాళ్లు ఒకరిద్దరే.

మియాపూర్_పార్కింగ్
ఇది మంచి మాట. మెట్టు విరిగింది మధ్యలోనే.

బీమా_బాబాయ్
ఆ మెట్టు విరగడానికి ఖర్చు కూడా ఒక కారణం, అందుకే అంకెలతో చెబుతాను. థర్డ్ పార్టీ బీమా ఏడాదికి 150 నుంచి 350 సీసీ దాకా 1,366 రూపాయలు, 350 దాటితే 2,804 రూపాయలు. కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలి కాబట్టి షోరూమ్ బిల్లులో ఈ తేడా గట్టిగానే కనిపిస్తుంది. జీఎస్‌టీలో ఇదివరకు 350 లోపు 28 శాతం, దాటితే సెస్సుతో కలిపి 31 శాతం ఉండేది, అంటే తేడా మూడు శాతమే. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 దాకా 18 శాతం, దాటితే 40 శాతం అయింది. ఇప్పుడు 349 సీసీ బండికీ 373 సీసీ బండికీ మధ్య పన్నులోనే ఇరవై రెండు శాతం తేడా ఉంది. పైగా మన రాష్ట్రంలో జీవిత పన్ను బండి ధర మీదే లెక్క కడతారు కాబట్టి, అక్కడ పెరిగిన ధర ఇక్కడ ఇంకోసారి తగులుతుంది.

వికారాబాద్_మలుపు
బాబాయ్, మీ అంకెలు సరైనవే గానీ వాటితో మీరు తేల్చినదానితో నాకు పేచీ ఉంది. నింజా 300 ఉన్నది 296 సీసీలో, ఆర్‌ఆర్ 310 ఉన్నది 312లో, యమహా ఆర్3 ఉన్నది 321లో. అవన్నీ 18 శాతం వైపే ఉన్నాయి, అంటే వాటికి లాభమే జరిగింది. పన్నే కారణమైతే ఈ మూడింటికీ ఇప్పుడు గిరాకీ పెరగాలి, నిజాంపేట అన్న ఫోను మోగుతూనే ఉండాలి. ఈ తగ్గుదల పన్ను మారడానికి చాలా ముందే మొదలైంది. 2015లో వచ్చిన ఆర్3 కొత్త పొగ నిబంధన బీఎస్6 రాగానే 2020లో మన మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. సీబీఆర్ 250ఆర్ కూడా ఆ 2020లోనే ఆగిపోయింది. ఆర్3ను 2023 డిసెంబరులో 4.64 లక్షల ధరతో దిగుమతి చేసి మళ్లీ తెచ్చారు, 2025 మొదట్లో ఒకేసారి లక్షా పది వేలు తగ్గించారు. గిరాకీ ఉన్న బండికి అంత కోత పెట్టే అవసరం రాదు.

బీమా_బాబాయ్
నిజమే, మలుపు గారూ. పన్ను ఒక్కటే కారణమని నేను అనలేదు గానీ, నా మాట ఆ అర్థం వచ్చేలా ఉంది. 350 పైన ఉన్న బండ్లకు మాత్రమే ఈ లెక్క వర్తిస్తుందని సరిచేసుకుంటున్నాను.

రెండుచక్రాల_లలిత
మీరందరూ ఇంజిన్ గురించీ పన్ను గురించీ మాట్లాడుతున్నారు, నేను ఒంటి గురించి చెబుతాను. నాలుగేళ్లు ఒక స్పోర్ట్స్ బైకు నడిపాను, కంపెనీ పేరు అనవసరం. ఇష్టంతో కొన్నాను, ఇష్టంతోనే నడిపాను. ఉప్పల్ నుంచి గచ్చిబౌలి దాకా రోజూ వెళ్లి వచ్చేదాన్ని. కిందికి ఉండే క్లిప్‌ఆన్ హ్యాండిల్ మీద ఒంటి బరువంతా అరచేతుల మీద పడుతుంది. వేగంగా వెళ్లేటప్పుడు ఎదురుగాలి ఛాతీని కాస్త పైకి లేపి ఆ బరువు తగ్గిస్తుంది, కానీ ఇరవై కిలోమీటర్ల వేగంలో ఆ సాయం చేసే గాలి ఉండదు. రెండో ఏడాదికి కుడి మణికట్టు నొప్పి మొదలైంది, మూడో ఏడాదికి ఆఫీసులో మౌస్ పట్టుకోవడం కూడా ఇబ్బందయింది.

ఇంకొక సంగతి ఉంది. మా అమ్మను మోకాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సి వస్తే ప్రతిసారీ ఆటో పిలవాల్సి వచ్చేది. బండి ఇంటి ముందే ఉన్నా అమ్మ దాని మీద కూర్చోలేదు. చీర కట్టుకున్న అరవై ఏళ్ల మనిషి ఒకవైపుగా కూర్చోవడానికి ఆ వెనక సీటు మీద చోటే లేదు. ఒకరోజు అమ్మ, "ఇంత డబ్బు పెట్టి కొన్నావు, నన్ను ఎక్కించుకోలేని బండి" అంది. నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అంది. ఆ మాట మాత్రం నాతో ఉండిపోయింది. ఇప్పుడు అడ్వెంచర్ తరహా బండి నడుపుతున్నాను, నిటారుగా కూర్చుంటాను. మెట్రో స్తంభాల కింద తవ్వి పూడ్చిన చోట్ల, కొలత లేకుండా పోసిన స్పీడ్ బ్రేకర్ల మీద, దాని పొడవాటి సస్పెన్షన్ నా నడుమును కాపాడుతోంది.

పాత_టూస్ట్రోక్
లలితమ్మా, నువ్వు రాసింది చదివి కాసేపు ఆగాను. మా రోజుల్లో ఆర్‌ఎక్స్100 మీద ముగ్గురం కూర్చుని సినిమాకు వెళ్లేవాళ్లం, అది తప్పే. కానీ ఆ బండి వేగానికీ పనికొచ్చింది, ఇంటికీ పనికొచ్చింది. 1985 నుంచి 1996 దాకా వచ్చిన బండిని ఇప్పటికీ జనం వెతికి కొనడానికి అదొక కారణం. 2003లో కరిజ్మా వచ్చినప్పుడూ అంతే. ముందు సగం ఫెయిరింగ్ (బండిని కప్పే ప్లాస్టిక్ తొడుగు) ఉన్నా హ్యాండిల్ ఎత్తుగానే ఉండేది, వెనక సీటు వెడల్పుగా ఉండేది. నేను దాని మీద మా ఆవిడతో శ్రీశైలం రెండుసార్లు వెళ్లి వచ్చాను. తర్వాత వచ్చిన బండ్లు రేసు ట్రాకు వైపు జరిగే కొద్దీ ఇంటికి దూరమయ్యాయి.

ట్రాక్‌డే_తమ్ముడు
టూస్ట్రోక్ అన్న చివర అన్న మాట ప్రపంచమంతటా నిజమైంది. ఇది హైదరాబాద్ ఒక్కదాని కథ కాదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

బయటి దేశాల్లో మిడ్‌సైజ్ స్పోర్ట్స్ అంటే 600 సీసీ నాలుగు సిలిండర్ల బండి. 1999లో వచ్చిన యమహా ఆర్6, 2003లో వచ్చిన హోండా సీబీఆర్600ఆర్‌ఆర్, సుజుకి జీఎస్‌ఎక్స్‌ఆర్600, కవాసకి జెడ్‌ఎక్స్6ఆర్ అప్పట్లో ఏటా ఒకదాన్ని ఒకటి మించేందుకు పోటీపడేవి. 2006 ఆర్6 మీటరులో ఇంజిన్ దాటకూడని ఎర్రగీత 17,500 ఆర్‌పీఎం దగ్గర ఉండేది. ఇంజిన్ నిజంగా అంత దూరం తిరగదని, మీటరు ఎక్కువ చూపిస్తోందని తర్వాత కంపెనీయే ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ పోటీ అంత దూరం వెళ్లింది.

వాటిని మొదట దెబ్బతీసింది పొగ నిబంధనలు. అంత ఎత్తైన ఆర్‌పీఎంలో ఊపిరాడాలంటే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కొంతసేపు కలిసి తెరుచుకుని ఉండాలి. ఆ ఏర్పాటు వల్ల తక్కువ వేగంలో కొంత పెట్రోలు మండకుండానే సైలెన్సర్‌లోకి జారిపోతుంది. యూరప్ పొగ నిబంధనల్లో యూరో 4 వచ్చాక హోండా తన 600ను 2017లో యూరప్ నుంచి తీసేసింది, యూరో 5 వచ్చాక యమహా 2021 నుంచి అక్కడ ఆర్6ను ట్రాకు కోసం మాత్రమే అమ్మింది. ఇంజిన్‌ను మళ్లీ రూపొందించి ఈ నిబంధనలు అందుకోవచ్చు, కానీ అంత డబ్బు పెట్టడానికి సరిపడా కొనేవాళ్లు అప్పటికే లేరు.

రేసులు కూడా మారాయి. ప్రపంచ స్థాయి రేసయిన మోటో2లో 2018 దాకా హోండా 600 ఇంజిన్ ఉండేది, 2019 నుంచి ట్రయంఫ్ 765 మూడు సిలిండర్ల ఇంజిన్ వచ్చింది. 600ల రేసయిన వరల్డ్ సూపర్‌స్పోర్ట్‌లో 2022 నుంచి 955 సీసీ డుకాటీని కూడా అనుమతించారు. ఆదివారం గెలిచిన బండిని సోమవారం అమ్ముకునే రోజులు 600లకు అక్కడితో పోయాయి.

ఎల్బీనగర్_విద్యార్థి
అయితే 600లు పూర్తిగా పోయినట్టేనా? 2024లో జెడ్‌ఎక్స్6ఆర్ మన దగ్గర మళ్లీ విడుదలైంది కదా?

ట్రాక్‌డే_తమ్ముడు
పూర్తిగా పోలేదు. నువ్వన్న బండి 11.09 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరతో వచ్చింది, హోండా కూడా 2024లో తన 600ను యూరప్‌కు తిరిగి తెచ్చింది. కానీ కంపెనీలు ఎక్కువ ఆశ పెట్టుకున్నవి వేరే ఉన్నాయి. 2020లో ఏప్రిలియా ఆర్‌ఎస్660, 2021లో యమహా ఆర్7, ఆ తర్వాత సుజుకి జీఎస్‌ఎక్స్8ఆర్ వచ్చాయి. అన్నీ రెండు సిలిండర్లవే, అన్నింటిలోనూ బలం కింది ఆర్‌పీఎంలోనే మొదలవుతుంది. స్పానర్ అన్న నింజాకూ క్లాసిక్‌కూ మధ్య చూపించిన తేడానే అక్కడ కంపెనీలు ఇంజిన్ మార్చి పూడ్చుకున్నాయి. బారామతిలో తయారయ్యే ఏప్రిలియా ఆర్‌ఎస్ 457 కూడా ఆ దారిలోదే. దాని బలం 35 కిలోవాట్ల దగ్గర ఆగడానికి కారణం యూరప్‌లో మధ్యస్థాయి ఏ2 లైసెన్సు వాళ్లకు ఉన్న పరిమితి.

వికారాబాద్_మలుపు
మన దగ్గర అసలు లోటు ఇంజిన్ కాదు, దారి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఊరి చుట్టూ ఉంది, దాని మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. మనకు దక్కేది సర్వీసు రోడ్డే, అక్కడ ఎదురు వచ్చే ట్రాక్టర్లూ గేదెలూ ఉంటాయి. శ్రీశైలం ఘాటు అందంగా ఉంటుంది, కానీ మన్ననూరు గేటు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసి ఉంటుంది, లోపల ఉన్నది పులుల అభయారణ్యం, అక్కడ వేగంగా వెళ్లాలనుకోవడమే తప్పు. చేవెళ్ల దారిలో మర్రిచెట్ల కింద రోడ్డు ఇరుకు, ఎదుటి వాహనం ఆఖరి క్షణం దాకా కనిపించదు. అనంతగిరి మలుపులు ఆదివారం ఉదయం ఎనిమిది దాటితే కార్లతో నిండిపోతాయి.

మా బృందంలో ఒకతను అనంతగిరి దిగుతూ మలుపులో పడి ఉన్న కంకర మీద జారాడు. నేను అతని వెనకే ఉన్నాను. వేగం నలభై కూడా లేదు, ముందు చక్రం ఒక్కసారిగా పక్కకు వెళ్లిపోయింది. కాలర్‌బోన్ విరిగి ఆరు వారాలు ఇంట్లో ఉన్నాడు. బండి కుడివైపు ఫెయిరింగ్ మొత్తం పగిలింది. అతను కోలుకున్నాడు గానీ ఆ బండి మళ్లీ ఎక్కలేదు, బాగుచేయించి అమ్మేశాడు.

రాణిగంజ్_స్పానర్
ఫెయిరింగ్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. స్టాండు సరిగా పడక బండి నిలబడిన చోటే పక్కకు ఒరిగిందనుకోండి. ఫెయిరింగ్ లేని బండికి లివరు వంగుతుంది, ఇండికేటరు పగులుతుంది, అంతటితో అయిపోతుంది. ఫెయిరింగ్ ఉన్న బండికి ప్యానెల్ పగులుతుంది, దాన్ని పట్టి ఉంచే చెవులు విరుగుతాయి. చెవి విరిగితే అతికించినా నిలవదు, స్టిక్కర్లతో సహా ప్యానెల్ మొత్తం కొత్తది తెప్పించాలి. ఒక కస్టమరుకు దిగుమతి బండి ఎడమవైపు ప్యానెల్ కోసం నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ బండి మా షెడ్డులో గుడ్డ కప్పుకుని ఉంది. అతను మొదట్లో వారానికొకసారి వచ్చి చూసేవాడు, తర్వాత ఫోను చేసేవాడు, చివరికి అదీ మానేశాడు. పాత పల్సర్‌కో ఆర్‌ఎక్స్‌కో అయితే పుత్లీబౌలి విడిభాగాల బజారుకు వెళ్లి సాయంత్రానికి సామాను తెచ్చేస్తాను.

అందుకే ఇంజిన్ ఇంచుమించు ఒకటే అయినా కొత్తగా కొనేవాళ్లు ఆర్15 పక్కనే ఫెయిరింగ్ లేని ఎంటీ15 చూస్తున్నారు, ఆర్‌సీ పక్కనే డ్యూక్ చూస్తున్నారు. 2023 జులైలో ట్రయంఫ్ స్పీడ్ 400 సుమారు 2.33 లక్షలకు 40 పీఎస్ ఇచ్చాక, ఆ బలం కోసం వంగి కూర్చోవాల్సిన అవసరం లేదని అందరికీ తెలిసిపోయింది.

మియాపూర్_పార్కింగ్
నేను చివరికి కొన్నది స్పీడ్ 400నే. ఇంట్లో ఒప్పించడానికి ఒక్క పూట చాలింది. అంతకుముందు ఆర్‌సీ కోసం రెండేళ్లు అడిగినా ఒప్పుకోలేదు.

రెండుచక్రాల_లలిత
స్పానర్ గారి షెడ్డులో గుడ్డ కప్పుకున్న బండి గురించి చదివితే బాధ కలిగింది. ఒక మాట చెప్పాలి. మణికట్టు నొప్పి ఉన్నా నేను ఆ బండిని అమ్మిన రోజు ఏడ్చాను. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద ఆ ఇంజిన్ 8,000 దాటినప్పుడు గొంతు మారేది. ఇప్పటి నా బండి నన్ను ఎక్కడికైనా తీసుకెళ్తుంది, కానీ ఆ గొంతు దానికి లేదు. జనం ఇష్టం మారిందని అందరూ అంటున్నారు. నా ఇష్టం మారలేదు, నేను వెళ్లాల్సిన దారులే మారాయి.

పాత_టూస్ట్రోక్
అందరి తరఫునా చెప్పావమ్మా.

ట్రాక్‌డే_తమ్ముడు
లలిత అక్కా, ఆ గొంతు నిర్భయంగా వినగలిగేది ట్రాకు మీదే. నేను వెళ్లేది చెన్నై శివారు ఇరుంగాట్టుకోట్టై ట్రాకు, దూరం ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. హుస్సేన్‌సాగర్ చుట్టూ 2023 ఫిబ్రవరిలో విద్యుత్ కార్ల 'ఫార్ములా ఈ' రేసు జరిగినప్పుడు మన ఊరికి ఏదైనా శాశ్వతమైన ట్రాకు వస్తుందని నేను ఎంతో ఆశపడ్డాను, రాలేదు. వస్తే ఈ బండ్లకు మళ్లీ ఒక పని దొరుకుతుంది. ఇప్పుడు నేను బండిని వ్యానులో వేసి చెన్నై తీసుకెళ్తున్నాను, ఏడాదికి రెండుసార్లు మించి కుదరడం లేదు.

నిజాంపేట అన్నా, ఇదంతా చదివాక అడుగుతున్నాను. రోజూ తిరగడానికి మీ బండి ఎవరికీ పనికిరాకపోవచ్చు, ట్రాకుకు మాత్రం చక్కగా పనికొస్తుంది. వెనక సీటు ఎలాగూ పీకేస్తాను. నా దగ్గరున్న సింగిల్ సిలిండర్ బండి పాతబడిపోయింది. బండి ఇంకా ఉందా?

నిజాంపేట_ట్విన్
ఉంది. వెనక సీటు గురించి అడగకుండా ఫోను చేసేవాళ్ల కోసమే ఇన్నాళ్లూ చూశాను. ఈ చర్చ చదివాక ఒక విషయం నాకు స్పష్టమైంది. కొనేవాళ్లకు బండి నచ్చక కాదు, వాళ్ల రోజువారీ దారిలో దానికి చోటు లేక వెనక్కి వెళ్లిపోతున్నారు. నిజానికి పోయిన ఏడాది నేను కూడా దాన్ని నడిపింది తొమ్మిది వందల కిలోమీటర్లే. ఆదివారం రండి, ధర దగ్గర మొండిపట్టు పట్టను.

రాణిగంజ్_స్పానర్
తమ్ముడూ, నన్ను కూడా తీసుకెళ్లు. 43 వేలు తిరిగిన ట్విన్ (రెండు సిలిండర్ల బండి) కాబట్టి వాల్వు క్లియరెన్సు ఎప్పుడు చూపించారో బిల్లు అడుగు. ట్రాకుకు వాడాలంటే కూలెంట్ మార్చాలి, ముందు ఫోర్కు సీళ్ల దగ్గర నూనె చెమ్మ ఉందేమో వేలితో తడిమి చూడాలి.

నిజాంపేట_ట్విన్
వాల్వు బిల్లు ఉంది, 2022లో చేయించాను. కూలెంట్ మాత్రం పాతదే.

ట్రాక్‌డే_తమ్ముడు
ఆదివారం ఉదయం ఏడింటికి ఇద్దరం వస్తాం. అన్నా, ఒక్క విన్నపం. మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దు. చల్లటి ఇంజిన్ మొదటి సెల్ఫుకు ఎలా అందుకుంటుందో నా చెవులతో వినాలి.

నిజాంపేట_ట్విన్
సరే. శనివారం తుడిచి పెడతాను, తాళం మాత్రం ముట్టుకోను.